పడుగుకు చీమలు పట్టిన పొద్దు

నాకు చిన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవదు. చెవి అసలే నిలవదు. ఆదోనిలో మా నాన్నది చిన్న బట్టల అంగడి, దాని వెనకే మా ఇల్లు. ఆ ఇంటికీ పక్కనున్న టీ హోటలుకూ మధ్య ఒకటే గోడ. హోటలు నడిపే సాయిబు పొద్దున్నే పొయ్యి రాజేసింది మొదలు చీకటిపడి తలుపు వేసేదాకా గోడ అవతల మాటలే మాటలు. ఆస్పరి నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు, జిన్నింగు మిల్లుల్లో పనివాళ్ళు, దళారులు, పరుపులు కుట్టే ముసలాయన, అందరూ అక్కడే. తెలుగులో మొదలైన మాట నడుమ ఉర్దూలోకి మళ్ళి కన్నడంలో ముగిసేది. నేను బియ్యం ఏరుతున్నా, జడ అల్లుకుంటున్నా ఒక చెవి గోడకే. ఎవరి ఎద్దు తప్పిపోయిందీ, ఎవరి పెళ్ళి పీటల మీద ఆగిందీ మా ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసేది. "ఒగనాటికి ఆ గోడకే అంటుకోని పోతావు సూడు" అని మా అమ్మ తిట్టేది.

అలాంటి దాన్ని డెబ్బైల నడుమ ఎమ్మిగనూరులో మగ్గాల వీధికి కోడలిని చేశారు. వీధి పొడుగునా ప్రతి ఇంట్లో మగ్గమే. చప్పుడుకు లోటు లేదు, మాటకే కరువు. మా ఆయన గుంతలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంటే, నేను వాకిలి పక్కన రాట్నం ముందు కూర్చుని ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టాలి. మాట్లాడితే చేయి ఆగుతుంది. చేయి ఆగితే లోపల మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే మా అత్త తల ఎత్తుతుంది. మా ఆయన మంచివాడే. చేయి ఎత్తింది లేదు, గొంతు పెంచింది లేదు. కానీ నోరు విప్పితేనా! "కూర ఎట్లుంది?" అంటే "ఊఁ." "ఉప్పెక్కువైందా?" అన్నా "ఊఁ." ఆ రెండు ఊఁలకూ తేడా కనిపెట్టడానికే నాకు ఒక వేసవి గడిచిపోయింది.

పొద్దు వాలగానే ఆయన మగ్గం దిగి, చొక్కా తగిలించుకుని ఈతవనానికి పోయేవాడు. ఊరు దాటి కోడుమూరు దారి పట్టి వంక దగ్గర కిందికి దిగితే, ఇసుక నేలలో గుంపుగా ఈతచెట్లు. కల్లు గీసే ఈడిగాయన ఆ చెట్ల కిందే అమ్మేవాడు. అంగడి లేదు, బల్ల లేదు. వాడికగా వచ్చేవాళ్ళలో ఎవరి చెట్టు వాళ్ళకుండేది. ఆ చెట్టు నీడలో ఇసుక మీద కూర్చుని, ఆ చెట్టు కల్లే తాగేవాళ్ళు. వేయించిన శనక్కాయలో, అలసంద గుగ్గిళ్ళో ఎవరు తెచ్చినా నడుమ పోసేవాళ్ళట. నేత పనివాళ్ళు, రంగులద్దేవాళ్ళు, సి.బెళగల్ నుంచి వచ్చిన బండివాళ్ళు ఒకే ముంత చుట్టూ చేరి, దీపాలు పెట్టేదాకా కదిలేవాళ్ళు కారు.

మా పుట్టింట్లో కల్లు మాటే ఎత్తరు. ఈ ఇంట్లో అదొక తప్పు కాదు. మా అత్తకు మోకాళ్ళ నొప్పులని ఆయన రోజూ ఒక ముంతెడు తెచ్చేవాడు. అత్త ముందు వాసన చూసేది, తర్వాత నాలుక మీద కాస్త పోసుకునేది, ఆ తర్వాత తీర్పు చెప్పేది. "ఇది వంక గట్టు మీది సెట్టుది. నీళ్ళు దగ్గరుండాయి గదా, పల్సగుంది." ఇంకోనాడు, "ఇది రాళ్ళలోది. సూడు పిల్లా, ఎంత చిక్కగుందో." అడుగున మిగిలింది నాకిచ్చేది. తొలిసారి బుడగలు ముక్కులోకెక్కి కళ్ళ నీళ్ళు తిరిగాయి. కొన్నాళ్ళకు నాకూ తేడా తెలిసింది. పొద్దుటిది తీపి, మధ్యాహ్నానికి పులుపు. చలికాలంలో ఒక రుచి, ఎండలు ముదిరాక ఇంకొకటి. ఒకే చెట్టు కూడా నిన్న ఇచ్చినట్టు ఇవాళ ఇవ్వదు. అందుకోసం మనుషులు అంత దూరం నడిచిపోవడం నాకు వింతగా అనిపించలేదు. నాకు మండింది వేరే విషయానికి.

మా వీధి చివర నూలుకు రంగులద్దే ఒకాయన ఉండేవాడు. వేళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉండేవి. మా ఆయనతో పాటే వనానికి పోయేవాడు. ఒకనాడు నూలు ఇవ్వడానికి వచ్చి, నాతో నవ్వుతూ అన్నాడు.

"అక్కా, మీ ఇంటాయన రాకుంటే ఆడ మాకు మాటే సాగదు. నిన్న జరమని రాలే గదా, కల్లు గూడా సప్పగనిపిచ్చె."

నా చేతిలో రాట్నం ఆగింది. అంటే ఈయన దగ్గర మాటలున్నాయి. పదిమందిని కూర్చోబెట్టి ఆడించేటన్ని ఉన్నాయి. అన్నీ తీసుకుపోయి ఆ ఇసుకలో పోసి, నా దగ్గరికి ఖాళీ కడవ మోసుకొస్తున్నాడు. ఆ సాయంత్రం ఆయన గడప దాటి లోపలికి రాగానే మొదలుపెట్టాను.

"ఈపొద్దు ఎవురెవురు వచ్చినారు?"

"వచ్చినారు."

"ఏం మాట్లాడుకుంటిరి?"

"ఏముంటాది."

"నవ్వినారా?"

"ఊఁ."

పోలీసులు కూడా నాకంటే ఎక్కువ రాబట్టేవాళ్ళేమో. మరుసటి రోజూ అదే, ఆ తర్వాతా అదే. ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను, అన్నం తింటుంటే అడిగాను. నాకు కూర్చోబుద్ధి కాదు, పడుకోబుద్ధి కాదు. సాయంత్రం అయితే చాలు, కాలుగాలిన పిల్లిలా వాకిలికీ పెరటికీ తిరిగేదాన్ని. వనంలో ఇప్పుడు ఏం చెప్తుంటాడు? మగ్గం ముందు కూర్చున్నప్పుడు పోగుచేసుకున్నవేనా? నా గురించి ఏమన్నా చెప్తాడా?

ఒకనాడు ఇంక పట్టలేక గిన్నెలో ఉగ్గాని పెట్టి, పైన మిరపకాయ బజ్జీలు సర్ది బయలుదేరాను. "ఆయప్పకు ఇచ్చొస్తా అత్తా" అన్నాను. అత్త నన్ను కిందా మీదా చూసింది. "ఆ పొద్దులో ఆడికి ఆడోళ్ళు పోరు పిల్లా. కావాలంటే ఇంటికి తెప్పిచ్చుకోని తాగుతారు" అంది. నాకు కావలసింది కల్లు కాదని ఆమెకెలా చెప్పను? వంక దిగే చోటిదాకా పోయాను. చెట్ల మధ్య తెల్లటి పంచెలు కనబడుతున్నాయి. నవ్వులు వినబడుతున్నాయి. మాట మాత్రం ఒక్కటీ అందడం లేదు. గాలి అటు వీస్తోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే అందరి తలలూ ఇటు తిరుగుతాయి, మా ఆయన తల వంగిపోతుంది. అక్కడే చాలాసేపు నిలబడి, బజ్జీలు నేనే తినేసి, ఉగ్గాని గిన్నెతో వెనక్కి వచ్చాను. ఆదోని గోడ నాకు ఎన్నడూ ఇంత అన్యాయం చేయలేదు.

అట్లా రెండు మూడేళ్ళు నడిచాక, చలికాలంలో మా ఇంట పడుగుకు గంజి పెట్టే రోజు వచ్చింది.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడుగునా వెదురుకర్రల మీద చాచి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెలతో దువ్వుతారు. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. వీధిలో మిగతావాళ్ళు మగ్గాలు ఆపి వచ్చి చేయి వేస్తారు. పని అయ్యాక ఆ ఇంటివాళ్ళు అందరికీ కల్లు పోయించాలి, మామూలుగా తలొక ముంత తాగి ఎవరి మగ్గం దగ్గరికి వాళ్ళు పోతారు. అది ఆ వీధి మర్యాద. అందుకే ఈడిగాయన తెల్లవారకముందే ఒక కడవ నిండా పొద్దుటి కల్లు తెచ్చి మా చూరు కింద దించిపోయాడు. చూరు కింద ఇంకో కడవ కూడా ఉంది. అందులో పాత గంజినీళ్ళు. మా అత్త పద్ధతేమిటంటే, రాత్రి కాచిన జొన్నగంజి చిక్కబడితే దాన్ని నీళ్ళతో కాక పులిసిన పాత గంజితో పలచన చేస్తుంది. అప్పుడే పోగు గట్టిగా నిలబడుతుందని ఆమె నమ్మకం.

ఆమెకు కళ్ళు అంతంతమాత్రం. పైగా ఆ పొద్దున జలుబు చేసి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. చీకట్లో చూరు కిందికి వంగి చేతికందిన కడవ ఎత్తి గంజిలో పోసింది. రెండూ తెల్లనివే, రెండింటి మీదా నురగే. మగవాళ్ళు ఆ గంజిని పడుగుకు పట్టించారు, కుంచెలతో దువ్వారు. ఇవాళ గంజి భలే జిగటగా ఉందని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

ఎండ వీధిలోకి దిగింది. ముందు ఒక చీమ కనిపించింది. దాన్ని నేనే ఊదేశాను. ఆ తర్వాత వెదురుకర్రను పట్టుకుని బారు కట్టి ఎక్కడం మొదలుపెట్టాయి. మగ్గాల వీధిలో ఇన్ని చీమలు కాపురముంటున్నాయని నాకప్పటిదాకా తెలియదు. తెల్లటి పడుగు చూస్తుండగానే ఈ కొస నుంచి నల్లబడుతూ వచ్చింది. అందరూ తలొక మాట అరుస్తున్నారు. మా ఆయన మాత్రం ఒక పోగు పట్టుకుని నాలుకకు తాకించి చూశాడు.

"కల్లు" అన్నాడు.

ఒకే ఒక్క మాట. మా అత్త చూరు కిందికి పరుగెత్తి, రెండో కడవలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని అక్కడే కూలబడింది. "అయ్యో, కొంప ముంచితి గదప్పా! కల్లంతా పడుగుకు తాపితి!" మరుక్షణం నవ్వు మొదలైంది. రంగుల నీలివేళ్ళాయన కడుపు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పడుగు పోతే మా ఇంట్లో మగ్గం ఆగినట్టే.

అందరూ వేపమండలు విరుచుకుని వచ్చారు. పడుగుకు అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు నిలబడి, పోగు తెగకుండా మెల్లగా చీమలను తోలుతూ పోవాలి. ఒక పెద్దాయన వేపాకు కాచిన నీళ్ళు పాత గంజిలో కలిపి మళ్ళీ పూత వేద్దామన్నాడు. ఆ నీళ్ళు కాగేదాకా తోలుతూనే ఉండాలి. కబురు వనానికి చేరినట్టుంది, ఈడిగాయన ఇంకో కడవ భుజాన పెట్టుకుని వచ్చేశాడు. "నా కల్లు పడుగు గూడా తాగినాదంట గదా! ఎట్లుందో దాన్నే అడుగుదామని వస్తి" అన్నాడు. వెనకాలే వనంలో వాడికగా కూర్చునే బండివాళ్ళూ వచ్చారు.

చేతిలో వేపమండ, పక్కన పదిమంది ఆడవాళ్ళు, అత్త అరుపులు వేపనీళ్ళ పొయ్యి దగ్గర. నాకు నోరు ఊరుకోలేదు. ఆదోని పరుపుల ముసలాయన కథ అందుకున్నాను. ఆయన ఒక పెళ్ళికొడుకు పరుపు కుడుతూ తన పెద్ద సూదిని దూదిలోనే మరిచిపోయి కుట్టేశాడు. పరుపు పెళ్ళింటికి పోయింది. తెల్లవారి టీ తాగుతుంటే గుర్తొచ్చింది. చెప్తే పేరు పోతుంది, చెప్పకపోతే పెళ్ళికొడుకు వీపు పోతుంది. ముసలాయన టీ గ్లాసు అట్లాగే వదిలేసి లేచాడు. నా చుట్టూ ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మా అత్త గొంతు వచ్చింది. "కతలు సాలు! ఈడ సూడండి, మల్లెక్కినాయి!" కథ అక్కడే తెగిపోయింది.

మధ్యాహ్నానికి వేపగంజి పూత పడింది. చీమలు వెనక్కి తగ్గాయి. పడుగు దక్కింది. మగవాళ్ళు మా గోడ నీడలో కూర్చున్నారు, ముంతలు తిరగడం మొదలయ్యాయి. నేను గుగ్గిళ్ళ చాట పట్టుకుని వెళ్ళి, ఇవ్వడం అయ్యాక కూడా తలుపు చాటునే నిలబడ్డాను. ఇన్నాళ్ళకు వనమే మా గడప దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మా ఆయన మాట్లాడతాడు, నేను వింటాను.

ఒక బండాయన తన ఎద్దు తుంగభద్ర కాలువలో దిగి రానని మొరాయించిన సంగతి చెప్పాడు. మా ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, ఆ బండాయన కళ్ళలోకే చూస్తున్నాడు. "మల్ల?" అన్నాడు. ఆ తర్వాతేమైందో బండాయన ఇంకా ఉత్సాహంగా చెప్పాడు. "మల్ల?" అన్నాడు ఈయన. నీలివేళ్ళాయన తన బావమరిది గొడవ ఎత్తుకున్నాడు. అప్పుడూ "మల్ల?" అంతే. అందరూ ఈయన వైపు తిరిగే చెప్తున్నారు. ఒకడు ఆగితే ఇంకొకడు ఈయన మోకాలు తట్టి మరీ మొదలుపెడుతున్నాడు. ముంత అయిపోయేదాకా ఈయన చెప్పిందల్లా ఆ ఒక్క మాటే.

ఈయన రాకపోతే మాట సాగదని రంగులాయన అన్నది నిజమే. దాచుకున్న మాటలు ఏవీ లేవు. ఇన్నాళ్ళు నేను కుళ్ళిపోయింది లేని సొమ్ము కోసం. కానీ ఆ ముఖం! అట్లా వంగి, కళ్ళు విప్పార్చి ఒక మనిషి మాట వినడం నాకు ఒక్కనాడూ చూపించలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగేశాను. "ఆడ నువ్వు మాట్లాడవా?"

"నేనేం మాట్లాడేది మే? వాళ్ళు సెప్తారు. నేను ఇంటా."

"మల్ల నాకాడ ఎందుకు ఇనవు?"

ఆయన ముద్ద పట్టుకుని ఆలోచించాడు. "నువ్వు అడుగుతావు గదా. సెప్పవు."

అంత నెమ్మదిగా అన్నాడు కాబట్టే నాకు మరీ మండింది. చెప్పమని నన్ను అడిగిందెవరు? బండాయన ఎద్దుకున్న విలువ నాకు లేదా? అడిగితే చెప్తాను, అడగకపోతే చచ్చినా చెప్పను అని ఆ గిన్నెల ముందే ఒట్టు పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆయనను ప్రశ్నలు అడగడం మానేశాను. ఆయన కూడా నన్ను ఏమీ అడగలేదు. పిల్లలు పుట్టారు, పెరిగారు. ఆ ఒట్టు మాత్రం ఇంట్లో ఇంకో మనిషిలా తిరుగుతూనే ఉంది, నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు.

ఎనభైలు వచ్చేసరికి ఈతవనం మారిపోయింది. కొత్తగా వేలంలో పాడుకున్నాయన చెట్లు నరికించి కొన్నే మిగిల్చాడు. అయినా కల్లు మాత్రం అంతకుముందు కంటే ఎక్కువ వచ్చేది. ఏవో మత్తు పొడులు కలుపుతారని అందరూ చెవులు కొరుక్కునేవాళ్ళు. పాత ఈడిగాయన మోకు చుట్టేసి కూలికి పోయాడు. ఆ కొత్త కల్లును మా అత్త నాలుక మీద పెట్టుకుని, వాకిట్లోకి ఉమ్మేసింది. "ఇది ఏ సెట్టుదీ కాదు" అంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ముంత ముట్టలేదు. వనంలో జనానికి లోటు లేదు కానీ, తాగడం, పడిపోవడం, లేచి పోవడం. చెప్పేవాళ్ళు లేరు. నీలివేళ్ళాయన కూడా రావడం మానేశాడు.

మా ఆయన కొన్నాళ్ళు పోయి చూశాడు. పోయినంత వేగంగా వెనక్కి వచ్చేవాడు. ఆ తర్వాత పోవడమే మానేశాడు. సాయంత్రం మగ్గం దిగి, అలవాటుగా చొక్కా తగిలించుకుని, ఎక్కడికీ పోలేక వాకిలికీ పెరటికీ తిరిగేవాడు. బస్టాండు దాకా వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. మళ్ళీ లేచేవాడు. ఒకప్పుడు నేను తిరిగిన దారే అది, అడుగు కూడా మారలేదు. చూస్తుంటే నాకు తృప్తిగా ఉండాలి కదా. జాలి వేసింది, జాలి వేసినందుకు నా మీద నాకే చిరాకు వేసింది. అయినా ఒట్టు ఒట్టే, నేను నోరు మెదపలేదు.

ఒక సాయంత్రం ఆయన అట్లా తిరిగి తిరిగి, వచ్చి రాట్నం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను కండెలు చుడుతూనే ఉన్నాను.

"మే."

"ఏమి?"

"ఆపొద్దు చీమలు తోలేటప్పుడు సెప్తాంటివే, పరుపులు కుట్టే ముసలాయన కత. సూది లోపల్నే కుట్టేసినాడంటివి. టీ ఇడిసిపెట్టి లేసినాడంటివి." ఆయన నా వైపు తిరిగాడు. "మల్ల ఏమాయె?"

నా చేతిలో పోగు తెగింది. పడుగుకు అవతల నిలబడి విన్నాడన్న మాట. విని, ఇన్నేళ్ళు ఆ సూదిని మనసులో పెట్టుకునే తిరుగుతున్నాడన్న మాట.

"ఇంగ ఇన్నాళ్ళూ ఎందుకడగలే?" అన్నాను.

"నువ్వే సెప్తావనుకుంటి."

నేను రాట్నం పక్కకు జరిపాను. ముసలాయన పెళ్ళింటికి పోయి, పరుపుకు ఆఖరి కుట్టు పెళ్ళింట్లోనే పడాలి, అది మా ఇంటి ఆచారం అన్నాడని చెప్పాను. వాళ్ళు నిజమేననుకుని పీట వేసి, హారతి పట్టి, పరుపు ముందు కూర్చోబెట్టారని చెప్పాను. కుట్టు విప్పి సూది తీసుకుని, మళ్ళీ కుట్టేసి, కడుపు నిండా భోజనం చేసి వచ్చాడని, ఆ రోజు నుంచి ఆదోనిలో ఎవరింట పెళ్ళైనా ఆఖరి కుట్టుకు ఆయనను పిలవడం మొదలుపెట్టారని చెప్పాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, నా ముఖంలోకే చూస్తూ విన్నాడు. నవ్వాడు కూడా. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తోంది. ఇద్దరం లేవలేదు.

"మల్ల?" అన్నాడు.